డిష్ మీద వాలిన కాకి

బుధవారం, రాత్రి

ఈ రోజు ఆయన తద్దినం. ఏటా డాబా మీద పిండం పెట్టి నేను వెనక్కి తిరిగేలోపే కాకి వాలేది. ఈసారి మధ్యాహ్నం దాటినా ముట్టలేదు. అది ముట్టనిదే మాకు భోజనాలు లేవు. బాపట్ల నుంచి వచ్చిన పంతులుగారు వాచీ చూసుకుంటున్నారు.

కాకి రాక కాదు. వచ్చి, కోడలు మొన్న పెట్టించిన ఇంటర్నెట్ డిష్ మీద కూర్చుంది. సముద్రపు గాలికి వైరు తెగినప్పుడల్లా ఇంట్లోంచి చేసే తన ఉద్యోగం ఆగిపోతోందని రాధ ఆకాశంలోంచి వచ్చే నెట్ పెట్టించింది.

"ఆయనకు కోపం వచ్చింది రాధా. దాన్ని తీయించెయ్," అన్నాను.

"క్రికెట్ మధ్యలో కేబుల్ పోతే వీధంతా వినబడేలా తిట్టింది మామయ్యగారే కదా అత్తయ్యా? నచ్చే కూర్చున్నారేమో," అంది.

నాకు నవ్వు రాలేదు. ఆయన ఆకలితో వెళ్లిపోతే ఈ ఇంటికి మంచిది కాదు. పిండం తీసుకెళ్లి డిష్ పక్కన పెట్టాను. కాకి నన్ను చూసి బెదరకుండా తిని, ఎగిరిపోయింది.

అది కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూశాను. రోజంతా మబ్బే, ఎండ లేదు. అయినా ఆ డిష్ పలక, మనిషి అప్పుడే లేచి వెళ్లిన పక్కలా వెచ్చగా ఉంది.

రాధతో చెబితే కరెంటు వేడి అంటుంది. కరెంటు పొద్దున పోయింది. ఇంకా రాలేదు.