పాప దాణాలో పొడి

గుర్రాల ఫారం,
చిట్టమూరు మండలం,
6 మార్చి 2025, గురువారం.

సుశీల్ కుమార్ గారికి పెంచలకృష్ణ నమస్కరించి రాసేది,

ఇక్కడ మేమందరం క్షేమమని రాయడం మర్యాద గనక రాస్తున్నాను. క్షేమంగా లేనిది ఒక్కతే, దానికి నాలుగు కాళ్లు. మీ అమ్మ రెబెక్కమ్మ గారికి నా దండాలు చెప్పండి. మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయో అడిగినానని చెప్పండి. ఈ ఉత్తరంలో మర్యాద ఇంతటితో సరి.

ఫోన్ చేయొచ్చు కదరా అంటావు. నీ నంబరు తీసేసినాను. ఉన్నా చేసేవాణ్ణి కాదు. నేను రెండు మాటలనగానే నువ్వు నవ్వుతావు, ఏందిరా కృష్ణా, మళ్లా ఏ కరపత్రం చదివినావు అంటావు, నాకు ఒళ్లు మండి పెట్టేస్తాను. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు. దాణా వ్యాను మధ్యాహ్నం నాయుడుపేటకి పోతుంది, డ్రైవరు నీ చేతికే ఇస్తాడు. చివరిదాకా చదువు.

నువ్వు మరిచిపోయినట్టున్నావు కాబట్టి మొదట్నించీ చెబుతాను. మనిద్దరం చిట్టమూరు బస్టాండులో నిలబడి రొయ్యల గుంటల మందుల మీద కరపత్రాలు పంచినాం. ఎందుకు పంచినాం? గుంట గుంటకీ ఏజెంట్లు తిరిగేవాళ్లు. గట్టు మీద నిలబడి, పొడి అరచేతిలో పోసుకొని, అందరూ చూస్తుండగా నాకి, చూసినారా అన్నా, నేనే తింటున్నా, మీ రొయ్యకేం భయం అనేవాళ్లు. మా నాయన ఆ నాకుడు చూసే నమ్మినాడు. ఆ పంట రొయ్యలు గట్టు పొడుగునా తెల్లగా తేలినాయి. నాకి చూపించేవాణ్ణి నమ్మొద్దు అని మన కరపత్రంలో పెద్దక్షరాలతో రాసింది ఎవరు? నువ్వే. నేను అచ్చుతప్పులు దిద్దినాను, అంతే.

ఆ నువ్వు సంవత్సరం తిరక్కుండా గుర్రాల పొడి అమ్మే కంపెనీ చొక్కా వేసుకొని మా లాయం ముందర బండి దిగినావు. పనివాళ్లందరినీ పిలిచి, డబ్బా మూత తీసి, పొడి అరచేతిలో పోసుకొని నాకినావు. నా కళ్ల ముందరే. అందరూ నవ్వినారు. మా అమ్మ కామాక్షమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది, ఉప్పగా ఉందా తియ్యగా ఉందా అబ్బయా అని అడిగింది. చప్పగా ఉంది పిన్నమ్మా, కడుపులో పుండ్లు మాన్పేదానికి రుచెందుకు అన్నావు. నాకు మాత్రం మా నాయన గుంట కళ్ల ముందర తేలింది.

పాప సంగతికి వస్తాను. కాగితాల్లో దానికి బారెడు ఇంగ్లీషు పేరుంది, పాప అని పిలిచింది అమ్మ. చెన్నై పందేల్లో పరిగెత్తి పరిగెత్తి, తిండి మానేసి, ఎముకలు లెక్కపెట్టేటట్టు వచ్చిందిక్కడికి. నేను దానికి సైసుని, అంటే తోమడం, తిప్పడం, పొద్దున్నే సముద్రంలో మోకాలి లోతు నడిపించడం నా పని. దాణా గది అమ్మది. ఉలవలు ఉడకేసేదీ, ఓట్స్ కలిపేదీ, నీ పొడి చల్లేదీ ఆమే.

డాక్టర్ ఉషారాణి గారు వచ్చి పాప ముక్కులోంచి పొడుగాటి కెమెరా గొట్టం కడుపులోకి దించినప్పుడు తెర మీద అందరం చూసినాం. లోపల ఎర్రగా, గీరుకుపోయినట్టు పుండ్లు. ఆమె ఓపిగ్గా చెప్పినారు. ఎద్దుకున్నట్టు గుర్రానికి నెమరు లేదు. మేత ఉన్నా లేకున్నా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. రోజంతా గడ్డి కొరుకుతా తిరిగే జంతువుని కొట్టంలో కట్టేసి, రెండు పూటలా గింజలు పోసి, ఖాళీ కడుపుతో పరిగెత్తిస్తే ఆ ఆమ్లం పైకి చిమ్మి కడుపునే తింటుంది. పందెపు గుర్రాల్లో శానా వాటికి ఇదే బాధంట. మందుల కోర్సు రాసిచ్చినారు. ముందర ఎప్పుడూ గడ్డి ఉండాలన్నారు, సవారీకి ముందు రెండు పిడికిళ్లు లూసర్న్ గడ్డి పెట్టమన్నారు. కోర్సు అయినాక పుండ్లు మళ్లీ లేవకుండా జీర్ణానికి ఏదన్నా పొడి వాడుకోవచ్చు, అయితే అదొక్కటే నమ్ముకోవద్దు అన్నారు. ఆ డాక్టరమ్మతో నాకు పేచీ లేదు. వాడుకోవచ్చు అన్న ఆ సందులోంచి నువ్వు దూరినావు చూడు, అక్కడ నీతో పేచీ.

నువ్వు కంపెనీ కాగితం నా చేతిలో పెట్టి చదువుకోమన్నావు. చదివినాను. ఆమ్లాన్ని అణిచే ఖనిజాలు, పేగుకి మేలుచేసే సూక్ష్మజీవులు, ఇంకా కొన్ని ప్రత్యేక పదార్థాలు అని ఉంది. ఆ కొన్ని ఏవిరా? రొయ్యల మందు డబ్బాల మీద కూడా ఇదే మాట ఉండేది, నీతోనే కూర్చొని చదివినాను. ఆ జంతువు అడిగేది గడ్డి, గాలి, కట్టు లేని కాళ్లు. అవి ఇస్తే పందెం ఉండదు. పందెం ఆపరు కాబట్టి కట్టేసి జబ్బు తెస్తారు, దాన్ని కాపాడతామని డబ్బా తెస్తారు. ఇది నేను కరపత్రంలో చదివింది కాదు, పాప పక్కన నిలబడి అనుకున్నది.

ఇంతవరకూ వాదం. ఇప్పుడు నా అనుమానం చెబుతాను.

నీ పొడి మొదలుపెట్టినాక పాప బాగుపడింది. కాదనను. దాణా తొట్టి నాకేసేది, నన్ను భుజం మీద పొడిచేది. నాకూ ముచ్చటేసింది. నెల సగంలోనే డబ్బా అడుగంటింది. నెలకి సరిపడా డబ్బా అని చెప్పింది నువ్వు. కొలత చెంచా నువ్విచ్చిందే. కొత్త డబ్బా వచ్చేలోపల పాప కుంగిపోయింది. దాణా ముట్టదు, పళ్లు కొరుకుతుంది, జీను పట్టీ బిగిస్తే తల తిప్పి కరవబోతుంది. కొత్త డబ్బా వేసిన కొన్నాళ్లకి మళ్లీ లేచింది. వేస్తే లేవడం, ఆపితే పడిపోవడం, దీన్ని ఏమంటారో నాకు తెలుసు. మత్తుమందుల మీద కరపత్రం ఒకటి ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.

డబ్బా ఎందుకంత తొందరగా అయింది? ఎవరో రెట్టింపు వేస్తున్నారు. ఎవరు? అమ్మని అడిగితే, నీ పని నువ్వు చూసుకో, నా దాణా గదిలో నీకేం పని అని కసిరింది. మేనేజరు పద్మనాభయ్యని అడిగితే నా మొహంలోకి వింతగా చూసి, ఏం కృష్ణా, నీకు తెలీదా అన్నాడు. నాకెట్ల తెలుస్తుంది? ఆ కొత్త డబ్బా నువ్వు ఒక్కడివే బండి మీద తెచ్చినావు, బిల్లు లేదు, ఓనరుకి ఫోన్ లేదు. నువ్వూ పద్మనాభయ్యా నీళ్ల ట్యాంకు వెనక నిలబడి గుసగుసలాడతా ఉంటే నేను గడ్డిమోపుతో అటు వచ్చినాను. ఇద్దరూ టక్కున ఆపేసినారు. నువ్వు ఎండ ఎక్కువగా ఉందిరా అన్నావు. ఆ పొద్దు మబ్బు పట్టి ఉందిరా సుశీల్!

ఆదివారం ఓనరు చెన్నై నుంచి వస్తున్నాడు. ఆయన చేతికి నీ డబ్బా ఇచ్చి, అందరి ముందర నీ పేరు చెబుతాను. పాప మూత్రం పరీక్ష చేయించమంటాను. చెన్నైలో పందేలు నడిపేవాళ్లకి ఫిర్యాదు రాసిపెట్టినాను, ఇంక పోస్టు చేయడమే. నీ ఉద్యోగం పోతుంది. ఇంకే ఫారంలోనూ నిన్ను గేటు దాటనివ్వరు. మీ ఇల్లు నీ మీద నడుస్తుందని నాకు తెలియదనుకోకు, ఆ ఇంట్లో అన్నం తిన్నవాణ్ణి. అందుకే ఆదివారం దాకా ఆగినాను. అంతలోపల నువ్వే వచ్చి ఆ డబ్బాలో ఏముందో, ఎవరి చేత రెట్టింపు వేయిస్తున్నావో నా మొహం చూసి చెప్పు. చెబితే ఫిర్యాదులో నీ పేరు కొట్టేస్తాను. రాకపోతే మన స్నేహం నీ వల్ల పోయిందని అనుకుంటాను.

ఇట్లు,
ఒకప్పటి నీ మిత్రుడు,
పెంచలకృష్ణ

తా.క.

సుశీల్, సంతకం పెట్టినాక ఇది రాస్తున్నాను. వ్యాను కుదుపులకి అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకు.

సాక్ష్యానికి పొడి కాస్త పొట్లం కట్టి ఉత్తరంతో పంపుదామని దాణా గదిలోకి పోయినాను. బస్తాల వెనక అమ్మ కూర్చోనుంది. ఒక చేతిలో మజ్జిగ గ్లాసు, ఒళ్లో నీ డబ్బా. చెంచాతో కలుపుకుంటా ఉంది. నన్ను చూసి దాచనైనా దాచలేదు. ఆ తలుపు దగ్గరికెయ్యి అబ్బయా, ఈగలొస్తాయి అనింది.

అది గుర్రాల మందు గదమ్మా అని అరిచినాను. గుర్రానికి కడుపుంటే నాకు లేదా అనింది. లక్షలు పోసి కొన్న బిడ్డకి పెట్టేది నాకు చెడుపు చేస్తుందా అనింది. సుశీల్ అందరి ముందర తినలేదా, వాడికేమన్నా అయిందా అనింది. చలికాలం నించీ కడుపులో నిప్పు పోసినట్టు మంటంట. నాకు చెబితే ఊరంతా గోల చేస్తానని చెప్పలేదంట. మంట లేచినప్పుడల్లా ఒక చెంచా. డబ్బా అయిపోయిన ఆ నాలుగు నాళ్లు పాపా నేనూ ఇద్దరం అల్లాడినాం రా అని నవ్వింది.

ఇంకో మాట కూడా అనింది, పొయ్యి మీద ఉలవలు పొంగినాయన్నంత మామూలుగా. వారం పది రోజులుగా దొడ్డికి పోతే తారు మాదిరి నల్లగా పోతుందంట.

ఉషారాణి గారికి ఫోన్ చేసినాను. నేను గుర్రాల డాక్టర్ని కృష్ణా, అయినా చెబుతున్నా, నల్లగా పోతుందంటే లోపల రక్తం కారుతున్నట్టు, ఈ పూటే నెల్లూరు పెద్ద డాక్టరుకి చూపించు, ఆ పొడి ఇంక ముట్టనివ్వకు అన్నారు. ఆ పొడిలో దొంగ మందు ఏమీ లేదంట, ఆమె ఎప్పుడో పరీక్షకి పంపి చూసుకున్నారంట. మంటని అది కప్పిపెట్టిందేగానీ మనిషి పుండుని అది మాన్పదు అన్నారు.

పద్మనాభయ్య దగ్గరికి పరిగెత్తినాను వ్యాను కోసం. అప్పుడు చెప్పినాడు. పొడిని నేనే ఇసకలో పారబోస్తున్నానని మీరిద్దరూ అనుకున్నారంట. నేను పొడి మీద అంత గోల చేస్తా ఉంటే ఇంకెవర్ని అనుకుంటారు? ఓనరుకి చెబితే కృష్ణ పని పోతుంది, వద్దన్నా అని బతిమాలి నీ శాంపిలు డబ్బా తెచ్చి పెట్టినావంట. ట్యాంకు వెనక నువ్వు మాట్లాడింది నా గురించేనంట.

ఫిర్యాదు పొయ్యిలో వేసినాను. ఈ ఉత్తరాన్ని కూడా వేసేద్దామనుకున్నాను. కానీ నీ గురించి నేను ఏమనుకున్నానో నీకు తెలియకుండా నీ సాయం తీసుకుంటే నాకు నిద్రపట్టదు. అందుకని ఉన్నదున్నట్టే పంపుతున్నాను. నీ నంబరు పద్మనాభయ్య ఇచ్చినాడు, రెండుసార్లు చేసినాను. నువ్వెత్తలేదు. ఎత్తకపోవడం న్యాయమే.

ఈ కాగితం తెచ్చే వ్యానులోనే ముందు సీట్లో అమ్మ ఉంది. నేను వెనక, ఖాళీ గోతాల మీద. నాయుడుపేటలో ఈ వ్యాను ఆగిపోతుంది, ఆపైన కారు మాట్లాడాలి. ఏ డాక్టరు దగ్గరికి పోవాలో మీ అమ్మని నెల్లూరు ఆస్పత్రుల చుట్టూ తిప్పిన నీకే తెలుసు. నన్ను తర్వాత తిట్టు, కొట్టు.

ఒక్క సంగతి జాగ్రత్త. ఆస్పత్రి అంటే అమ్మ వ్యాను ఎక్కనంది, పాపకి సాయంత్రం దాణా ఎవరు పెడతారని మొండికేసింది. చివరికి, గుర్రానికి చెంచా లెక్క ఉంది, మనిషికెంతో మనకి తెలీదు, సుశీల్‌ని అడిగొద్దాం పదమ్మా అన్నాను. ఆ మాటకి చీర మార్చుకొని వచ్చి కూర్చుంది. నిన్ను చూడగానే అదే అడుగుతుంది. కాదనకుండా, నవ్వకుండా, ఏదో ఒకటి చెప్పి కారెక్కించు. నా మాట వినదు, నీ మాట నమ్ముతుంది.