ఎర్ర కారుకు కొత్త బ్రేకులు

చిన్నోడా,

నువ్వు పేపర్లో కత్తిరించి బీరువాకు అంటించుకున్నావే, చిన్న ఎర్ర కారు, అట్లాంటిదే చింతామణిలో సెకండ్ హ్యాండుది కొన్నాను. తోలడం కూడా నేర్చుకున్నాను.

"ఇంత స్పీడు బండి నీకెందుకే? రేసుకు పోతావా?" అని మీ నాయన నవ్వినాడు. ఆయన నవ్వి చానా దినాలైంది.

మెకానిక్కేమో సైలెన్సర్ మారుస్తానన్నాడు. "ఊరంతా తిరిగి చూస్తాదమ్మా!"

"ఊరు చూడొద్దులేప్పా. తొక్కితే ఆగేట్టు చెయ్యి, చాలు."

కొత్త బ్రేకులు, కొత్త టైర్లు వేయించినాను. నువ్వయితే ముందు పాటల సెట్టు పెట్టించుకునేవాడివి.

ఈ పొద్దు వెనక సీటు మడిచి, మనవీ పక్కింటోళ్ళవీ పట్టుగూళ్ళ బుట్టలు పెట్టి, వాటికి ఉక్క తగలకుండా అద్దాలన్నీ దించి, మార్కెట్టుకు నేనే తోలుకుపోయినాను. నీ బైకు పడిన కైవారం ఊరి మలుపు వస్తే ఇన్నాళ్ళూ బస్సులో కళ్ళు మూసుకునేదాన్ని. తోలేటప్పుడు మూసుకోలేను కదా. బ్రేకు మెల్లగా తొక్కి, రోడ్డంతా చూసుకుంటూ దాటినాను. ఇంక ఎప్పుడూ ఆ దారినే పోతాను.

బైకు పడిన పొద్దు నువ్వు సంగటి తినకుండానే బయలుదేరినావు. యాడున్నా వేళకు కడుపునిండా తిను నాయనా.

మీ అమ్మ