పందికొవ్వుకు ముందున్న ముక్క

స్టాన్‌మోర్,
19 జనవరి 2003

చిరంజీవి స్రవంతికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేం కులాసాగానే ఉన్నాం, మీ నాన్నగారి దగ్గు తగ్గింది. నువ్వూ కులాసాయే అనుకుంటున్నానని రాయడానికి మాత్రం ఈసారి చెయ్యి రావడం లేదు.

మీ ఫ్లాట్‌లో హీటర్ బాగుచేశారా? కందిపొడి అయిపోయిందన్నావు, రేపు పోస్టులో వేస్తాను. ఇక నువ్వడిగిన ప్రశ్న. సెలవుల్లో పదిహేను రోజులూ ఆ సొట్టపళ్లెం నీకే ఎందుకు పెట్టానని అడిగావు. ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

"జర్మన్ క్లాసులో కొత్త మాట నేర్చుకున్నానమ్మా, కుమ్మర్‌ష్పెక్. ఇప్పుడు నాకున్నది అదే" అని అక్టోబరులో రాశావు. లైబ్రరీకి వెళ్లి డిక్షనరీ తీశాను. మొత్తం మాట దొరకలేదు. సమాసం విడగొట్టాను. తత్పురుషలో ఉత్తరపదానికే ప్రాధాన్యమని బళ్లో నేర్పారు కదా, చివరి ముక్కే ముందు చూశాను. ష్పెక్ అంటే పందికొవ్వు! పుస్తకం మూసేసి వెళ్లి చేతులు కడుక్కున్నాను.

"మీ కూతురు పంది తింటోంది" అన్నాను మీ నాన్నగారితో.

"జర్మన్ చదవమన్నది నువ్వేగా" అని ఆయన పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

క్రిస్మస్‌కి నువ్వు ఒళ్లు చేసి వచ్చేసరికి నాకిక సందేహం లేకపోయింది. నువ్వు మేడెక్కాక నీ పళ్లెం, గ్లాసు రెండు వేళ్లతో పట్టుకెళ్లి, డెట్టాల్ నీళ్లలో విడిగా కడిగేదాన్ని.

మొన్న పక్కింటి హిల్డాగారితో ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ పుట్టింది జర్మనీలోనే. పడీ పడీ నవ్వింది. "అది తినేది కాదు పుష్పా, ఒంటికి పట్టేది! దుఃఖంలో ఏది పడితే అది తింటే పేరుకునే కొవ్వు. కుమ్మర్ అంటే దుఃఖం. వెనకటి రోజుల్లో కూలిన గోడల రాళ్లకుప్పనీ అలాగే అనేవాళ్లు." అంతలో నవ్వు ఆపేసింది. "ఇంతకీ పిల్లకి ఏం కష్టమొచ్చింది?"

మూడు నెలల్లో నేను అడగని మాట అది. నువ్వు నీ కష్టాన్ని ముందు పెట్టి రాశావు, నేను దాన్ని దాటుకుని పంది దగ్గరికి పరిగెత్తాను. ఇప్పుడు ఆ డెట్టాల్ వాసన తలుచుకుంటే నా చేతులంటే నాకే రోత.

సొట్టపళ్లెంలో నేను తింటున్నాను. నువ్వు మాత్రం ఆ మాటలో మొదటి ముక్క ఏమిటో రాయి తల్లీ. ఈసారి అక్కడి నుంచే చదువుతాను.

ఇట్లు,
మీ అమ్మ