సోంపు గిన్నె పక్కన నా కార్డులు

ఆదివారం రాత్రి

ప్రకటనలకు మా బ్యాంకు పైసా ఇవ్వదు, కస్టమర్లను మాత్రం తెమ్మంటుంది. అందుకే సింగపూర్ లిటిల్ ఇండియాలో సుగుణ ఆంటీ హోటల్ కౌంటర్ మీద, సోంపు గిన్నె పక్కన నా విజిటింగ్ కార్డులు పెట్టాను. ఫ్లాట్ కొనేవాళ్లు ఎవరైనా హోమ్ లోన్ కోసం ఫోన్ చేస్తారని ఆశ. వారం తిరిగేసరికి కట్ట ఖాళీ అవుతోంది, ఫోన్ మాత్రం ఒక్కటీ రావడం లేదు. వేరే బ్యాంకులో లోన్లు చూసే కిరణ్ రోజూ అక్కడే భోంచేస్తాడు. వాడే ఎత్తుకుపోతున్నాడని నా అనుమానం.

ఇవాళ మధ్యాహ్నం కౌంటర్ కనిపించే టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడి అలవాటు ప్రకారం సీటు నాదని చోప్ చేసి, కాపలా కూర్చున్నాను. కిరణ్ నా కార్డుల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బిల్లు కట్టినవాళ్లే ఒక్కొక్కరూ ఒక కార్డు తీసి, మడిచి, దాంతో సోంపు తోడుకుని నోట్లో పోసుకుంటున్నారు. కార్డేమో చెత్తబుట్టలోకి.

పాపం, ఊరికే అనుమానించానని కిరణ్‌కి కాఫీ ఇప్పించాను. "లోన్లు బాగా వస్తున్నాయా అండీ?" అని నవ్వుతూ అడిగి, తాగి వెళ్లిపోయాడు.

తర్వాత ఆంటీని అడిగాను, గిన్నెలో స్పూన్ ఏమైందని.

"అందరి చేతులూ తగిలే స్పూన్ ఎందుకు ఆంటీ, శుభ్రంగా ఉండదు, తీసేయండి అన్నాడమ్మా మన కిరణ్. నువ్వు కార్డులు పెట్టి వెళ్లిన మర్నాడే. మంచి కుర్రాడు."

అంత శుభ్రం చూసే మనిషి, ఇవాళ వెళ్తూ వెళ్తూ గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు సోంపు తీసుకున్నాడు. నేను చూశాను.