ఉధ్నా తోటలో అంబలి అమ్ముతున్న మా అబ్బాయి గురించి

తేదీ: 22 నవంబరు 2021
ఉధ్నా, సూరత్

శ్రీ ఉమామహేశ్వరరావు గారికి,
తోటల అనుమతుల అధికారి, సూరత్.

అయ్యా,

విషయం: తోటలో అంబలి అమ్ముకొను పర్మిట్టునందు నాకు లేని కుమారుడు నమోదగుట, సదరు కుమారునికి బీమా లేకపోవుట గురించి.

తమరు మన భాషవారని గేటు కాపలాదారు చెప్పినందున ధైర్యం చేసి తెలుగులో రాస్తున్నాను. నేను దూస సోమలింగం, తండ్రి కీర్తిశేషులు నర్సింగం, వయసు యాభై, సొంతూరు సిరిసిల్ల. ఇరవై ఆరేళ్ళుగా ఉధ్నాలో ఉంటున్నాను. గుజరాతీ మాట్లాడతాను, చదవలేను. ఈ అర్జీ అంతటికీ మూలం ఆ రెండో సంగతే.

1. జోల్వాలో నేను పనిచేసిన మగ్గాల కార్ఖానా నిరుడు లాక్‌డౌన్‌లో మూతపడి, తిరిగి తెరిచినప్పుడు సగం మగ్గాలే నడిచాయి. నాది రెండో సగంలో ఉంది. అప్పటినుంచి ఉధ్నా కాలువ గట్టు తోటలో, పొద్దున నడకకు వచ్చేవారికి జొన్న అంబలి అమ్ముతున్నాను. ఇక్కడివారు తమ రాబ్ అనే వేడి జావ చల్లారిపోయిందనుకుని తాగుతారు. నేను వాదనకు దిగను.

2. తోటలో అమ్మేవారికి పర్మిట్టు, దానితోపాటు కొనేవారికి హాని జరిగితే పరిహారమిచ్చే బీమా, రెండూ ఒకే పేరున ఉండాలని ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వును శిరసావహించి నా పేరున బీమా చేయించాను. రోజుకు ఎంతమందికి హాని కలగవచ్చునని ఆ ఫారంలో అడిగారు. ఎవరికీ కలగదన్నాను. గడి ఖాళీగా వదలరాదన్నందున ఒకరికి అని రాశాం. ఆ ఒకరు ఇంతవరకు తారసపడలేదు.

3. పర్మిట్టు ఫారంలో పేరుకు మూడు గడులు ఉన్నాయి. మన అలవాటు ప్రకారం మొదటి గడిలో ఇంటిపేరు దూస, రెండో గడిలో నా పేరు సోమలింగం, మూడో గడిలో మా నాయన పేరు నర్సింగం రాశాను. ఇక్కడి పద్ధతిలో మొదటిది మనిషి పేరు, రెండోది అతని తండ్రి పేరు, మూడోది ఇంటిపేరు అట. కాబట్టి పర్మిట్టు దూసాభాయ్ అనే అతనికి వచ్చింది. అతడు సోమలింగం కొడుకు. అంటే నాకు కొడుకు. తప్పు పూర్తిగా నాది, కార్యాలయానిది ఏమీ లేదు.

4. పర్మిట్టు మీద పుట్టిన తేదీ నాది. ఆ లెక్కన మేమిద్దరం ఒకే రోజున పుట్టాం. ఈ విషయం కౌంటరులోని బెన్‌కు (ఇక్కడ ఆడవారిని అక్కా అన్నట్టు బెన్ అంటారు) మనవి చేశాను. ఫోటో కూడా నాదేనన్నాను. కొడుక్కి తండ్రి పోలిక రావడంలో వింత ఏముందని ఆమె అడిగారు. నేను పర్మిట్టు మడిచి జేబులో పెట్టుకున్నాను.

5. ప్రస్తుత పరిస్థితి: పర్మిట్టు ఉన్నవానికి బీమా లేదు. బీమా ఉన్నవానికి పర్మిట్టు లేదు. గేటు దగ్గర రెండు డోసుల సర్టిఫికెట్టు చూపమంటున్నారు. నేను రెండూ వేయించుకున్నాను, దూసాభాయ్ ఒక్కటీ వేయించుకోలేదు. ఈ నెలాఖరులోగా రెండు కాగితాల్లో ఒకే పేరు చూపకపోతే తోటలో నేను అమ్ముకునే చోటు, వరుసలో ఉన్న మరొకరికి పోతుంది. అయ్యా, ఈ వయసులో నన్ను ఏ కార్ఖానా తీసుకోదు. నాకు చాలా భయంగా ఉంది.

6. ఇచ్చిన పర్మిట్టులో పేరు మార్చే నిబంధన లేదట. పర్మిట్టుదారు చనిపోతే మాత్రం చోటు తల్లిదండ్రులకు వస్తుందట. బెన్ మంచి మనిషి. నా అవస్థ చూసి గొంతు తగ్గించి, "చాచా, రెండో వేవ్‌లో ఎంతమంది పోలేదు? మీవాడూ పోయాడని అఫిడవిట్ రాసివ్వండి. వారంలో పని అయిపోతుంది" అన్నారు.

7. నేను ఒప్పుకున్నాను. దాచడం ఎందుకు, స్టాంపు కాగితం కూడా కొన్నాను. అయితే దాని మీద తల్లి సంతకం కావాలి. నా భార్య పద్మారాణి కాగితం చదివించుకుని, పెన్ను పక్కన పెట్టి ఇట్లా అన్నది:

"నేను పెట్ట. ఒక్కణ్ణి మట్టిల పెట్టొచ్చినం, సాలదా? గీ పోరడు ఎవ్వడో నాకు తెల్వది. గని సర్కారు కాయితంల నీ కొడుకని ఉన్నది. నా చేతుల మీద సచ్చిండని రాయ."

"వాడు లేనే లేడు గదనే," అన్నాను.

"లేనోణ్ణి ఎట్ల సంపుతవ్ మరి?" అన్నది.

8. అధికారులకు ఇంటి సంగతులు రాయకూడదని తెలుసు. అయినా రాస్తున్నాను. 1998లో మాకు మగపిల్లవాడు పుట్టి తొమ్మిది రోజులు బతికాడు. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టుకోవాలనుకున్నాం. అంతవరకు రాలేదు. ఆసుపత్రి తొట్టెకు కట్టిన చీటీ మీద ఇంటిపేరు ఒక్కటే ఉండేది. దూస. వాడికి ఉన్న పేరు అంతే. ఆ చీటీ పద్మారాణి పెట్టెలో ఉంది. ఆ రోజు దాన్ని తీసి మీ పర్మిట్టు పక్కన పెట్టి చూపించింది. నేను స్టాంపు కాగితం చింపేశాను.

కావున, పై సంగతులన్నీ తమరు చిత్తగించి, ఎవరినీ చంపనవసరం లేకుండా, ఆ చోటును నా పేరు మీదికి మార్చి నన్ను అంబలి అమ్ముకోనివ్వవలెనని వేడుకుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు, దూసాభాయ్‌కి తండ్రి అయిన,
దూస సోమలింగం

జతపరచినవి: పర్మిట్టు నకలు, బీమా నకలు, నా టీకా సర్టిఫికెట్టు. చీటీ జతపరచలేదు, పద్మారాణి ఇవ్వలేదు.

తా.క.: ఇది పద్మారాణి రాయమన్నది. రిజిస్టరులో దూసాభాయ్ పేరు తీసేయక తప్పకపోతే, దాని మీద ఎర్రగీత కొట్టవద్దని కోరుతున్నది. లాక్‌డౌన్‌లో మా కార్ఖానా మేస్త్రీ, ఊళ్ళకు నడిచిపోయిన వాళ్ళ పేర్లు కొట్టేయలేదు. ప్రతి పేరుకు ఎదురుగా "ముల్కుకు పోయిండు" అని రాసుకుని, తిరిగొచ్చిన వాళ్ళలో చాలామందిని మళ్ళీ పనిలో పెట్టుకున్నాడు. మావాడి పేరుకు ఎదురుగా కూడా అట్లాగే రాయించగలరు.