గుర్రం నోట నురగ

తమ్ముడికి అక్క దీవెనలు. నీ దగ్గు తగ్గిందా? మరదలి మోకాళ్లు ఎలా ఉన్నాయి? పిల్లలు వేళకు తింటున్నారా? నేను బాగానే ఉన్నాను, మనసే బాగాలేదు.

గుర్రపుశాలలో మన మనవరాలికి ఒక బెదురు గుర్రాన్ని అప్పగించారు. నాట్యం చేసినట్టు తాళం తప్పకుండా అడుగులు వేయడం దానికి నేర్పాలట. ఈ పిల్లేమో నెలల తరబడి రోజూ ఒకే వేళకు, గుండ్రంగా, మెల్లగా నడిపిస్తోంది, అంతే. నిన్న చూద్దామని వెళ్తే గుర్రం నోట నురగ. "డాక్టరును పిలవండి" అని అరిచాను. అది బెదిరి కంచె దాకా పరుగెత్తింది.

మనవరాలు కోప్పడలేదు. "దవడ వదులై కళ్లెం నములుతోంది అమ్మమ్మా, అందుకే నురగ. ఇన్నాళ్లకు మెత్తబడితే నువ్వొచ్చి మళ్లీ బిగించావు" అంది.

నువ్వు గుర్రబ్బండి తోలినవాడివి. నురగ వస్తే అలిసిందనే కదా మనం అనుకునేది? నాకేమీ పాలుపోవడం లేదు. యజమాని వచ్చి చూసే రోజున కూడా బెదిరితే దాన్ని అమ్మేస్తాడట. అయినా ఈ పిల్ల ఆ రోజు నన్ను రమ్మంటోంది. వద్దులేవే అంటే, "నిన్ను దాచిపెట్టి నేర్పితే అది నేర్పినట్టా?" అంటుంది. ఒక్కదాన్నే కూర్చుంటే మళ్లీ అరుస్తానేమో. నువ్వు పక్కనుంటే నోరు మూసుకుంటాను. యజమాని వచ్చేది ఇరవయ్యో తేదీ ఆదివారం, పొద్దున్నే వచ్చెయ్యి.