బెల్టు ఏ రకం వస్తువు?

అల్లుడికి,

చిరంజీవి అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఆదివారం వచ్చి తల్లీకూతుళ్లను తీసుకెళ్తానని రాశావు. నా కూతురు మెట్ల మీద జారిపడిందనీ రాశావు. ఇన్నేళ్ల చదువులో ఇంత నాసిరకం కథ నేను చదవలేదు.

నీ కూతురు కంప్యూటర్లో బొమ్మ మనుషులకు ఇల్లు కట్టి, వాళ్లచేత సంసారం చేయించే ఆట ఆడుతుంది. ఆ ఆట పాత వెర్షన్ కోసం ఎవరో తయారుచేసిన బెల్టు ఫైలును కొత్త వెర్షన్‌కు పనికొచ్చేలా మార్చి, ఆట ఫోల్డర్లో పెట్టమని నన్నడిగింది. మార్చేటప్పుడు అది ఏ రకం వస్తువని ప్రోగ్రాము అడిగింది. నేను దుస్తులు అని నొక్కబోయాను.

"అయ్యో తాతయ్యా, అంత చదివావు, ఇది తెలీదా? బెల్టు ఆయుధాల్లోకి వస్తుంది."

"నడుముకి పెట్టుకునేది ఆయుధమేంటే?"

"నాన్న నడుముకి పెట్టుకోడుగా, చేతికి చుట్టుకుంటాడు. ఇనుప బిళ్ల ఉన్న వైపు అమ్మకి."

ఆయుధాలనే నొక్కాను. మనవరాలు ఆట తెరిచి, బెల్టును అమ్మ బొమ్మకిచ్చి, నాన్న బొమ్మను ఎదురుగా నిలబెట్టి, మౌసును నా కూతురి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నువ్వు కొట్టమ్మా."

నా కూతురు కొట్టింది. నీ బొమ్మ నేలమీద పడి, ఇక లేవకపోయినా ఆపలేదు.

ఆదివారం తప్పకుండా రా. తలుపు నేను తియ్యను. నా కూతురే తీస్తుంది.